బాలునకు ధర్మము అందు మార్గము



దేవాలయములలో పురాణశ్రవణమునకు వచ్చు తల్లిదండ్రులు మమ్ము తరచుగా అడుగు ప్రశ్న ఒకటి కలదు. "అయ్యా, మా పిల్లలు బాగుగా చదువుచున్నారు, మంచి మార్కులు తెచ్చుకొనుచున్నారు. కాని వారికి ధర్మబుద్ధి అలవడునట్లు చేయుట ఎట్లు?" అని. "మంచి శ్లోకములు కంఠస్థము చేయింపుడు" అని సమాధానము చెప్పుట సులభము. మేమును చాలకాలము అట్లే చెప్పితిమి. ధర్మశిక్షణ చరిత్రను కొంత పరిశీలించిన పిదప, ఆ సమాధానము సగము మాత్రమే అని మాకు తోచినది. మిగిలిన సగము ఏమో నేడు విన్నవించెదము.

ముందుగా మా దోషమును చెప్పుకొనుట న్యాయము. సుమారు 50 సంవత్సరములకు పూర్వము మేము ఒక వేదపాఠశాలలో క్రొత్తగా అధ్యాపకులముగా చేరితిమి. ఒకనాటి ఉదయము విద్యార్థులకు తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి సంత చెప్పితిమి. సత్యమును గూర్చియు, ధర్మమును గూర్చియు ఆచార్యుడు శిష్యునకు చేయు అనుశాసనము అందులోనిదే. మధ్యాహ్నము హోమమునకై ఉంచిన నేతిగిన్నె దొర్లి, నేయి అంతయు నేలపాలైనది. ఎవరు చేసిరని గద్దించితిమి. 9 ఏండ్ల పిల్లవాడు ఒకడు లేచి, "నా కాలు తగిలినది గురువుగారూ" అనెను. మేము వాని మాటను వినుటకు బదులు ఒలికిన నేతిని చూచితిమి. ఆ పూట వానిని భోజనపంక్తిలో కూర్చుండనీయలేదు. అటు తరువాత మేము ఆ పాఠశాలలో ఉన్నంత కాలము, ఏ వస్తువు పగిలినను, ఏ పుస్తకము చినిగినను, "నేను" అని లేచిన పిల్లవాడు ఒక్కడును లేడు. ఉదయము మేము నోటితో చెప్పిన పాఠము ఒకటి, మధ్యాహ్నము చేతితో చెప్పిన పాఠము వేరొకటి. పిల్లలు రెండవ దానినే నేర్చిరి.

మన ప్రాచీనులు ఇట్టి సందర్భమున ఏమి చేసిరి? ఛాందోగ్యోపనిషత్తు నాల్గవ అధ్యాయములో సత్యకాముని వృత్తాంతము కలదు. ఆ బాలుడు బ్రహ్మచర్యమునకు పోగోరి, తల్లియైన జబాలను తన గోత్రమేమని అడిగెను. ఆమె దాచలేదు. యౌవనమున అనేక గృహములలో పరిచర్య చేయుచు నిన్ను కంటిని, గోత్రము నాకు తెలియదు, నా పేరు జబాల కావున నీవు సత్యకామ జాబాలుడవని చెప్పుకొనుము అనెను. బాలుడు హారిద్రుమత గౌతముని చేరి, ఆయన అడిగినప్పుడు తల్లి చెప్పిన మాటను ఉన్నదున్నట్లు విన్నవించెను. ఆ మాట వలన గురుకుల ప్రవేశమే దక్కకపోవచ్చును. అయినను కల్పించి చెప్పలేదు. గౌతముడు ఆ సత్యమునే వాని అర్హతగా గ్రహించి, సమిధలు తెమ్మని ఆజ్ఞాపించి, ఉపనయనము చేసెను. బాలుడు సత్యము పలికిన క్షణముననే ఆచార్యుడు ఆ సత్యమునకు గౌరవము చేసెను. మేము చేయనిది అదియే.

ఈ కథను వినునప్పుడు శ్రోత మనస్సులో ఏమి జరుగునో గమనింపుడు. వినుచున్న పిల్లవాడు తానే సత్యకాముడై గౌతముని యెదుట నిలుచును. చెప్పుదునా, దాచుదునా అని క్షణకాలము తడబడును. పిదప చెప్పును. ఇంకను జరుగని కార్యమును మనస్సున ముందుగా చేసి చూచుకొను ఈ శక్తినే మన శాస్త్రములు భావన అను మాటతో సూచించినవి. ధర్మము చెవి నుండి నడవడికకు పోవు దారిలో ఈ భావన అను వంతెన ఉన్నది. ఆ వంతెన లేనిచో ఎంత కంఠస్థము చేసినను ధర్మము నాలుకయందే ఆగిపోవును.

కంఠస్థమును తక్కువ చేయుట మా ఉద్దేశము కాదు. పదము, క్రమము, జట, ఘనము మొదలగు పాఠవిధానములతో వేదమును ఒక్క స్వరము చెదరకుండ కాపాడిన ధారణాశక్తి సామాన్యమైనది కాదు. 2003వ సంవత్సరములో యునెస్కో సంస్థ వేదపఠన సంప్రదాయమును మానవజాతి మౌఖిక వారసత్వములలో మేలైన దానినిగా ప్రకటించినది. కాని ఆ ధారణ వేదమును రక్షించుటకు ఏర్పడినది. ధారణ చేసినవాని శీలమును రక్షించుటకు మరియొక ఏర్పాటు కావలెనని శీక్షావల్లి ఋషికి తెలియును. అందుచేతనే వేదము చెప్పి ముగించిన పిమ్మట ఆచార్యుడు వేరుగా అనుశాసనము చేయుచున్నాడు. అందు రెండు విషయములు మిక్కిలి గమనింపదగినవి. మాయందలి మంచి నడవడికలను మాత్రమే అనుసరింపుము, ఇతరములను కాదు అని ఆచార్యుడే చెప్పుట మొదటిది. కర్తవ్యమున సందేహము కలిగినచో, కఠినులు కాని ధర్మకాములు అట్టిచోట ఎట్లు ప్రవర్తింతురో చూచి అట్లు ప్రవర్తింపుము అనుట రెండవది. ఆ పెద్దలు ఆ సమయమున ఎదుట లేనిచో ఏమి చేయవలెను? వారు ఇచ్చట ఉన్నచో ఏమి చేసియుందురో ఊహింపవలెను. అదియును భావనయే.

ఇక లౌకిక నీతివిషయమునకు వత్తము. మహిలారోప్యమను నగరమున అమరశక్తి యను రాజు, చదువు అంటని తన ముగ్గురు కుమారులను విష్ణుశర్మ యను వృద్ధ పండితునకు అప్పగించెననియు, ఆయన వారిని 6 నెలలలో నీతికోవిదులను చేసెదనని ప్రతిజ్ఞ చేసెననియు పంచతంత్ర కథాముఖము చెప్పుచున్నది. వ్యాకరణమునకే 12 సంవత్సరములు పట్టునని తలచు కాలమది. విష్ణుశర్మ సూత్రములు వల్లె వేయింపలేదు. కథలు చెప్పెను. ఒక పాత్ర ఒక నీతిని పలికి, ఫలానివాడు ఇట్లు చేసి చెడెను అనును. అది ఎట్లని వేరొక పాత్ర అడుగును. అప్పుడే కథ మొదలగును. వినువానికి ప్రశ్న పుట్టకముందు కథ చెప్పడు. అదియే ఆ గ్రంథములోని బోధనారహస్యము.

ఈ గ్రంథము చేసిన యాత్ర ఆశ్చర్యకరమైనది. క్రీ.శ. 6వ శతాబ్దములో పారసీక చక్రవర్తి అనుషిర్వాను కాలమున బుర్జోయ్ అను వైద్యుడు దీనిని పహ్లవీ భాషలోనికి మార్చెను. ఆ పహ్లవీ ప్రతి నేడు లభ్యము కాదు. దానినుండి 8వ శతాబ్దములో ఇబ్నుల్ ముకఫ్ఫా అను విద్వాంసుడు అరబ్బీలో వ్రాసెను. మన కరటక దమనకులు అచ్చట కలీల, దిమ్న అయిరి. అక్కడినుండి ఈ కథలు ఐరోపా భాషలలోనికి ప్రాకినవి. మన తెలుగులో 15వ శతాబ్దమున దూబగుంట నారాయణకవి పంచతంత్రమును పద్యకావ్యముగా రచించెను. 1853లో పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక పేర మిత్రలాభము, మిత్రభేదములను వచనమున వెలయించెను. తరతరముల తెలుగు పిల్లలు పాఠశాలలలో ఆ గ్రంథమును చదివిరి.

ఈ యాత్రలో ఒక ఘట్టమును మీ దృష్టికి తేవలెను. మన పంచతంత్రములో దమనకుడు కొండెములు చెప్పి, సింహమైన పింగళకునిచేత నిరపరాధియైన సంజీవకుడను వృషభమును చంపించును. అయినను దమనకునకు దండన లేదు. మంత్రిగానే కొనసాగును. రాజనీతి గ్రంథము గనుక లోకమున జరుగుదానిని ఉన్నట్లు చూపినది. అరబ్బీ గ్రంథములో మాత్రము దిమ్నను న్యాయస్థానమునకు తెచ్చి, విచారణ చేసి, శిక్షించు అధ్యాయము ఒకటి అదనముగా కలదు. దానిని ఇబ్నుల్ ముకఫ్ఫాయే చేర్చెనని పండితుల అభిప్రాయము. కథ ఊహను కదలించును, నిజమే. ఆ ఊహ తెలివివైపు పోవునా, ధర్మమువైపు పోవునా అనునది వేరు ప్రశ్న. ఆ ప్రశ్న మన గ్రంథమునకు వెలుపల కూడ పెద్దలను వేధించినదని దీనివలన తెలియుచున్నది. దమనకుని కథ విన్న బాలుడు దమనకుని యుక్తిని నేర్వవచ్చును, సంజీవకుని బాధను ఎరుగనూవచ్చును. ఏది నేర్చునో అది చెప్పువాని చేతిలో ఉన్నది.

మన కాలమునకు సమీపమున దీనికి గొప్ప నిదర్శనము మోహనదాసు గాంధీ బాల్యము. 1925 నుండి నవజీవన్ పత్రికలో ప్రకటించిన ఆత్మకథలో ఆయనయే దీనిని వ్రాసికొనెను. తండ్రి కొనిన శ్రవణకుమారుని నాటక గ్రంథమును బాలుడు ఏకాగ్రతతో చదివెను. గ్రుడ్డివారైన తల్లిదండ్రులను కావడిలో మోయుచున్న శ్రవణుని బొమ్మ ఆయన మనస్సున నాటుకొనెను. ఆ రోజులలోనే హరిశ్చంద్ర నాటకమును చూచెను. పిదప తనలో తాను ఆ నాటకమును లెక్కలేనన్ని మారులు ఆడుకొనెననియు, అందరును హరిశ్చంద్రునివలె ఏల సత్యవంతులు కారాదని తన్ను తాను ప్రశ్నించుకొనెననియు చెప్పెను. ఎవరును ఆయనకు సత్యమును గూర్చి ఉపన్యసింపలేదు. నాటకము చూచుట ఒక్కసారియైనను, మనస్సున ఆడుకొనుట అనేక పర్యాయములు. మన తెలుగునాట బలిజేపల్లి లక్ష్మీకాంత కవిగారి హరిశ్చంద్ర నాటకమును రాత్రులంతయు కూర్చుండి చూచిన పెద్దలకు ఆ కాటిసీను ఎట్లు మనస్సున నిలిచిపోవునో వేరుగా చెప్పనక్కరలేదు.

పాశ్చాత్య విద్వాంసులు ఈ విషయమును గడచిన 100 సంవత్సరములలో పరీక్షలచే శోధించిరి. మా శిష్యుని కుమారుడు మనస్తత్వశాస్త్రము చదివినవాడు. అతడు ఆ పరిశోధనలను మాకు తెలుగులో వివరించి చెప్పెను. విన్నప్పుడు కొన్నిచోట్ల సంతోషమును, కొన్నిచోట్ల సిగ్గును కలిగినవి.

1928 నుండి 1930 వరకు అమెరికాలో హార్ట్‌షోర్న్, మే అను ఇరువురు విద్వాంసులు 10,000కు పైగా పిల్లలను పరీక్షించి మూడు సంపుటములు ప్రకటించిరి. పరీక్షలోను, ఆటలోను, ధనవిషయమునను మోసము చేయుటకు అవకాశము కల్పించి, ఎవరు చేయుదురో, ఎవరు చేయరో చూచిరి. ఒకచోట నిజాయితీగా ఉన్న పిల్లవాడు వేరొకచోట మోసము చేయుట సాధారణముగా కనబడెను. నీతిబోధ తరగతులకు పోయిన పిల్లలు పోనివారికంటె చెప్పుకోదగినంత నిజాయితీపరులుగా కనబడలేదు. ఉపదేశము వేరు, ఆచరణ వేరు అను పాతమాట అంకెలతో రుజువైనది. ఉపదేశమే వృత్తిగా గల మావంటివారు ఈ ఫలితమును చూచి కోపగించుకొనరాదు, ఆలోచింపవలెను.

1932లో స్విట్జర్లాండు దేశీయుడగు పియాజే పిల్లల ధర్మనిర్ణయమును గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. ఆయన పిల్లలకు రెండు చిన్న కథలు చెప్పెను. ఒక బాలుడు భోజనమునకు పిలువగా వచ్చి తలుపు తెరచెను. తలుపు వెనుక ఉన్న 15 కప్పులు, ఆతనికి తెలియకయే, పగిలినవి. వేరొక బాలుడు తల్లి లేనప్పుడు అలమారలోని మిఠాయిపాకము తినబోయి ఒక్క కప్పు పగులగొట్టెను. ఎవరిది పెద్ద తప్పు? చిన్న వయస్సు పిల్లలలో పలువురు, 15 కప్పులు పగిలినవి గనుక మొదటివానిదే పెద్ద తప్పు అనిరి. వయస్సు పెరిగినవారు ఉద్దేశమును చూచి రెండవవానిదే తప్పనిరి. ఇది విన్నప్పుడు మాకు నేతిగిన్నె జ్ఞప్తికి వచ్చినది. ఆనాడు మేము ఉద్దేశమును చూడలేదు, ఒలికిన నేతిని కొలిచితిమి. శాస్త్రములు చదివిన మేము ఆరేండ్ల బాలునివలె తీర్పు చెప్పితిమి.

2014లో కెనడా దేశపు విద్వాంసులు, కాంగ్ లీ మొదలగువారు, 3 నుండి 7 సంవత్సరముల పిల్లలపై చేసిన పరీక్ష మరింత సూక్ష్మమైనది. పిల్లవానిని గదిలో ఒంటరిగా ఉంచి, వెనుకనున్న బొమ్మను తొంగి చూడవద్దని చెప్పి బయటకు పోయిరి. తిరిగివచ్చి ఒక కథ చదివి వినిపించి, చూచితివా అని అడిగిరి. అబద్ధమాడిన పినోకియో ముక్కు పొడవగుట, తోడేలు వచ్చెనని బొంకిన గొల్లపిల్లవాడు నష్టపోవుట అను కథలు విన్న పిల్లలు ఎక్కువగా నిజము చెప్పలేదు. చెరుకు వంటి తీయని ఫలితము కనబడినది వేరొక కథలో. జార్జి వాషింగ్టన్ బాలుడుగా ఉన్నప్పుడు తండ్రి చెట్టును నరికి, అడిగినప్పుడు ఒప్పుకొనెననియు, తండ్రి ఆ సత్యమును మెచ్చుకొనెననియు చెప్పు కథ అది. దానిని విన్నవారు ఎక్కువగా నిజము చెప్పిరి. ఆ కథనే మార్చి మెప్పును తీసివేసి చెడు ఫలితమును పెట్టినప్పుడు దాని ప్రభావము పోయినది. గౌతముడు సత్యకామునకు చేసిన గౌరవమునే వారు వేరొక పేరుతో కనుగొనిరి. పినోకియో ముక్కు భయపెట్టును. భయము దాచుటను నేర్పును. వాషింగ్టన్ కథ 1806లో వీమ్స్ అను రచయిత తన గ్రంథమున చేర్చిన కల్పనయని చరిత్రకారులు చెప్పుదురు. కల్పనయైనను ఆ కథ పిల్లల నోట సత్యమును పలికించినది.

ఇక మాకు ఇబ్బంది కలిగించిన పరిశోధన ఒకటి చెప్పకుండుట న్యాయము కాదు. 2017లో టొరంటో విశ్వవిద్యాలయమువారు 4 నుండి 6 సంవత్సరముల పిల్లలకు, పంచుకొనుట మంచిదని తెలుపు ఒక కథను రెండు విధములుగా చదివి వినిపించిరి. ఒకదానిలో పాత్రలు జంతువులు, వేరొకదానిలో మనుష్యులు. తరువాత పిల్లలకు స్టిక్కర్లు ఇచ్చి, లేనివారికి కొన్ని ఇత్తురా అని చూచిరి. మనుష్యుల కథ విన్నవారు ఎక్కువగా పంచిరి. జంతువుల కథ విన్నవారు అట్లు ఎక్కువగా పంచలేదు. మరి విష్ణుశర్మ మాట ఏమగును? మా పంచతంత్రమును కొట్టివేయుటకు వారెవరని మాకును మొదట తోచినది. కాని ఆ పరిశోధనలోనే, జంతువులకు మానవగుణములను ఎక్కువగా ఆపాదింపగలిగిన పిల్లలు ఎక్కువగా పంచిరనియు కలదు. నక్కలో తన్ను చూచుకొనగల బాలునకు నక్క కథ పని చేసినది, నక్క నక్కయే అనుకొన్న బాలునకు పని చేయలేదు. ఆ కథ ఆ పసివారికి ఒక్కసారి చదివి వినిపించినది. విష్ణుశర్మ ప్రక్కన కూర్చుండి, అది ఎట్లని అడిగించుచు, 6 నెలలు చెప్పినది. కథ ఒక్కటే చాలదు. ఇది నీ కథయే అని చూపు గురువు కావలెను.

ఈ మాట ఉపనిషత్తు ఎప్పుడో చెప్పినది. గౌతముడు సత్యకామునకు బక్కచిక్కిన 400 గోవులను ఇచ్చి మేపుమనగా, అవి 1000 అగువరకు తిరిగి రానని అతడు అడవికి పోయెను. అచ్చట వృషభము, అగ్ని, హంస, మద్గువను నీటిపక్షి అతనికి బ్రహ్మమును గూర్చి నాలుగు పాదములు బోధించెను. తిరిగివచ్చిన శిష్యుని ముఖమున తేజస్సును చూచి, ఎవరు నేర్పిరని గురువు అడిగెను. మనుష్యులు కానివారు నేర్పిరి, అయినను తమవలననే నేర్వగోరుచున్నాను అని సత్యకాముడు బదులు చెప్పెను. పశుపక్షులు చెప్పిన విద్యయును ఆచార్యుని సన్నిధిలోనే పూర్ణమగును.

పతంజలి యోగసూత్రములలో ప్రతిపక్షభావన అను సాధన ఒకటి కలదు. హింస చేయవలెననియో, అసత్యమాడవలెననియో తలంపు వచ్చినప్పుడు, దానికి వ్యతిరేకమైన దానిని మనస్సున నిలుపుకొనవలెను. ఆ చెడు కార్యము తనకును పరులకును తెచ్చు దుఃఖమును ముందుగా చూడవలెను. పెద్దలకు ఇది యోగసాధన. పిల్లలకు ఇదియే కథ. తన సుఖదుఃఖములతో పోల్చి ఇతరుల సుఖదుఃఖములను చూచుట అను ఆత్మౌపమ్యమును గీతాచార్యుడు ఉత్తమయోగి లక్షణముగా చెప్పుటకు కారణమిదియే. ఇతరుని స్థానమున తన్ను ఊహించుకొనలేనివానికి అహింసయు, సత్యమును పదములుగానే మిగులును.

కావున తల్లిదండ్రులకు మా విన్నపము మూడు మాటలు. శ్లోకములు నేర్పుడు, మానవలదు. దానితోపాటు దినమునకు ఒక కథ చెప్పి, కీలకమైన చోట ఆపి, "నీవైతే ఏమి చేసెదవు?" అని అడుగుడు. తప్పు సమాధానము చెప్పినను గద్దింపక, ఆ దారిన పోయినచో ఎవరికి బాధ కలుగునో వానిచేతనే ఊహింపజేయుడు. రెండవది, ఇంటిలో పిల్లవాడు తన తప్పును ఒప్పుకొన్ననాడు మొదట ఆ ఒప్పుకోలును మెచ్చుకొనుడు. పగిలిన వస్తువు సంగతి తరువాత చూడవచ్చును. వాని చేతనే దానిని సరిచేయించుటయు మంచిదే. మూడవది అన్నిటికంటె కష్టమైనది. మన తప్పులను మనము పిల్లల యెదుట ఒప్పుకొనవలెను. మాయందలి మంచిని మాత్రమే గ్రహింపుమని చెప్పిన ఆచార్యుడు, తనలో ఇతరములును కలవని శిష్యుని యెదుట అంగీకరించెను గదా.

ఆనాడు పంక్తిలో చోటు దక్కని పిల్లవాడు నేడు 60 ఏండ్లకు సమీపించి యుండును. ఎక్కడనో తానును సంత చెప్పుచుండవచ్చును. వానికి మేము ఇంతవరకు చెప్పని మాట ఒకటి మిగిలియున్నది. నాయనా, ఆనాడు నీవు సత్యము పలికితివి. తప్పు మాది.

స్వస్తి.